లెక్కకు రాని పరిశోధన

మన కుటుంబములలోని యువతీయువకులు పలువురు నేడు వైద్యకళాశాలలలో బోధకులుగను, పరిశోధకులుగను ఉన్నారు. వారి యోగ్యతను నిర్ణయింపవలసి వచ్చినపుడు పెద్దలు మొదట అడుగునది, ఎన్ని వ్యాసములు ప్రచురించితిరి, వానిని ఎందరు తమ వ్రాతలలో ఉదహరించిరి అని. 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు దీనికొక సూచికను కూడ కల్పించెను. ఒకని వ్యాసములలో 10 వ్యాసములు ఒక్కొక్కటి కనీసము 10 మారులు ఉదహరింపబడినచో వాని అంకె 10. ఎంత గొప్పదైనను ఒక్క వ్యాసమే వ్రాసినవానికి ఆ అంకె 1 దాటదు.

కొలత లేనిదే పని జరుగదని మేమెరుగుదుము. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేతో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని గూర్చి 1925లో ప్రకటించిన వ్యాసమును వేలకొలది పరిశోధకులు ఉదహరించిరన్న మాట మనకు గర్వకారణమే. కాని ఇట్టి పట్టికలలో పడక జారిపోయిన కృషి గతి యేమి? దీనికి సంతానవైద్య చరిత్రలో కలకత్తా వైద్యుడు సుభాష్ ముఖోపాధ్యాయగారి కథను మించిన ఉదాహరణము మాకు కానరాదు.

ఆయన 1931లో హజారీబాగులో జన్మించిరి. కలకత్తా విశ్వవిద్యాలయమునుండి ఒకటి, 1967లో ఎడింబరోనుండి మరియొకటి, రెండు డాక్టరేటులు పొందిరి. 1978 జులై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో లూయీ బ్రౌన్ పుట్టెను. తల్లి గర్భమునకు వెలుపల, గాజుపాత్రలో ఫలదీకరణము చెందిన పిండమునుండి కలిగిన తొలి శిశువు ఆమె. సరిగా 70 దినములకు, అక్టోబరు 3న, కలకత్తాలో మరియొక ఆడశిశువు పుట్టెను. దసరా దినములు గనుక లోకము ఆమెను దుర్గ యని పిలిచెను. శీతలీకరణ శాస్త్రజ్ఞుడు సునీత్ ముఖర్జీ, స్త్రీవైద్యుడు సరోజకాంతి భట్టాచార్య ఆయనకు సహచరులు.

ఇంగ్లండు వైద్యులు సహజ ఋతుచక్రమున పక్వమైన ఒకే అండమును, పొట్టలో సన్నని గొట్టము చొప్పించి తీసిరి. ముఖోపాధ్యాయగారి మార్గము వేరు. హార్మోను సూదిమందులతో ఒకటికి మించిన అండములను పక్వము చేసి, యోనిమార్గమున వానిని గ్రహించి, పిండమును 53 దినములు అతిశీతలమున గడ్డకట్టించి నిలువయుంచి, తరువాతి ఋతుచక్రమున గర్భాశయమున నిలిపితిమని వారు చెప్పిరి. నేడు ఏ పట్టణములోని సంతానవైద్యశాలకు పోయినను ఈ మూడును నిత్యకృత్యములే. గడ్డకట్టించిన పిండమునుండి శిశువు పుట్టినట్లు లోకము అంగీకరించినది మాత్రము 1984లో, ఆస్ట్రేలియాలో.

ఇంత పనికి అచ్చులో మిగిలిన సాక్ష్యము ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ క్రయోజెనిక్స్’ 1978 సంపుటములో ఒక సంక్షిప్త నివేదిక. అది అతిశీతల యంత్రవిద్యకు సంబంధించిన పత్రిక. ప్రసూతివైద్యులు చేతబట్టునది కాదు. 1979 జనవరిలో హైదరాబాదున సమావేశమైన విజ్ఞానశాస్త్ర మహాసభలోను ఆయన తన పనిని వివరించిరి. ఇక స్టెప్టో, ఎడ్వర్డ్స్‌లు 1978 ఆగస్టులో ‘లాన్సెట్’లో ప్రకటించినది మాత్రము ఏమి? అదియు చిన్న లేఖయే. అయితే దాని వెనుక కనీసము తొమ్మిదేండ్ల ప్రచురణల దారి కనబడుచుండెను. (ఆ కృషిలో మొదటినుండి పాల్గొన్న జీన్ పర్డీ అను వనిత పేరు ఆ లేఖ క్రింద లేదు. అచ్చు పట్టిక అక్కడను ఒకరిని విడిచినది.)

1978లోనే పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము విచారణ సంఘమును వేసెను. దాని అధ్యక్షుడు రేడియో భౌతికశాస్త్ర ఆచార్యుడు. పిండశాస్త్రమున చేయితిరిగినవారు అందులేరు. ఆ సంఘము ఆయన మాటను నమ్మదగినది కాదని త్రోసివేసెను. ఋజువడుగుట తప్పని మేమనము. శిశువు తల్లిదండ్రులు లోకనిందకు వెరచి మరుగున నుండగోరుటచే ఋజువు చూపుట కష్టమైనదనుటయు నిజమే. కాని జపానులోని క్యోటోకు పోయి తోటి శాస్త్రజ్ఞులయెదుట తన పనిని నిలుపుకొందునన్నపుడు అనుమతి నిరాకరించుట ఏ న్యాయము? 1981లో ఆయనను కంటివైద్య సంస్థకు బదిలీ చేసిరి. సంతానవైద్య పరిశోధకునికి కంటి ఆసుపత్రి! ఆ జూన్ నెలలోనే ఆయన తన ప్రాణము తాను తీసికొనెను.

జనాభా లెక్కల పుస్తకములో మాతృభాష గడి తప్పుగా నిండినచో ఒక వీథి వీథియే తెలుగువారు లేనిదగునని అనుభవమున నెరిగిన మనకు, కాగితమున లేనివాడు లోకమునను లేనివాడగుట యెట్లో వేరుగా చెప్పనక్కరలేదు.

1986 ఆగస్టు 6న బొంబాయిలో హర్ష అను శిశువు పుట్టెను. టి. సి. ఆనందకుమార్, ఇందిరా హిందూజాగార్ల ఆ కృషికి పత్రము, ప్రచురణ, సాక్ష్యము అన్నియు ఉండెను. దేశమున మొదటి శిశువని గ్రంథములలో అదియే నిలిచెను. తరువాత ముఖోపాధ్యాయగారి వ్రాతకాగితములు ఆనందకుమార్‌గారి చేతికి వచ్చెను. ఆయన వానిని పక్కన పెట్టవచ్చును, అడుగువారు లేరు. ఆయన చదివెను. దుర్గ తల్లిదండ్రులతో మాటలాడెను. 1997లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో, భారతదేశపు మొదటి పరీక్షనాళికా శిశువునకు కారకుడు తాను కాదు, సుభాష్ ముఖోపాధ్యాయ యని తన పేరిటనే ప్రకటించెను. పదునొకండు సంవత్సరములు తనదైయున్న ప్రథమస్థానమును తన చేతితో తానే కొట్టివేసిన శాస్త్రజ్ఞులు ఎందరున్నారు? ఆ వ్యాసము ఆయన సూచికను ఎంత పెంచెనో మేము లెక్క చూడలేదు.

2003లో తన 25వ జన్మదిన సందర్భమున దుర్గ సభకు వచ్చి, తాను ఎవరో స్వయముగా చెప్పుకొనెను.

మన సభ్యులలో నియామక సంఘములయందును, పదోన్నతి సంఘములయందును కూర్చుండు పెద్దలు కొందరు కలరు. అభ్యర్థి అంకెను చూచుటకు ముందు, అతడు తన పనిలో మేలైనదని యెంచిన వ్యాసమును ఒక్కదానిని తెప్పించి, ఆ విద్య తెలిసినవారిచేత పూర్తిగా చదివింపవలెనని వారిని కోరుచున్నాము. చదువుటకు ఒక సాయంకాలము చాలును.