దిగి చూడాల్సిన ఊళ్లు

సెలవురోజు బాపట్ల స్టేషన్‌లో దిగిన జనంలో ఎక్కువమంది నోట వినిపించేది ఒకటే పేరు, సూర్యలంక. ఆటో ఎక్కితే తొమ్మిది కిలోమీటర్లు. అలల్లో తడిసి, చేపల వేపుడు తిని, ఫొటోలు దిగి, సాయంత్రం బండికి తిరిగొచ్చేస్తారు. తప్పేం లేదు, సముద్రం అందరిదీ. కాకపోతే ఊరికి పేరిచ్చిన భావనారాయణస్వామి స్టేషన్‌కీ సముద్రానికీ మధ్య ఊళ్లోనే ఉన్నాడు. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ కూడింది ఈ ఊళ్లోనే. ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఆలోచన సభకెక్కిన ఊరు మనకు బీచికి వెళ్లే దారిగా మిగిలింది.

తెనాలి నుంచి ఒంగోలు దాకా రైలు పట్టాలకు అటూ ఇటూ ఇలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి. మద్రాసు మెయిలు కిటికీలోంచి పత్తి చేలూ, మిరప కళ్లాలూ, తాటిచెట్లూ కనిపిస్తాయి. ఊళ్ల పేర్లు పసుపుపచ్చ బోర్డుల మీద ఒక క్షణం మెరిసి వెనక్కి పోతాయి. అదే మన పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న దేశాల నుంచి వారం సెలవు పెట్టి స్పెయిన్ తీరానికి వెళ్తే, ముందుగా పంపేవి టారగోనా లాంటి పాత ఊళ్ల ఫొటోలే. అక్కడ రోమన్ల కాలంలో రథాల పందేలు జరిగిన మైదానం మీద తర్వాతి తరాలు ఇళ్లు కట్టుకున్నాయి, దుకాణాలు పెట్టుకున్నాయి. ఆ పాత కమానుల పక్కనే జనం కాపురాలు చేస్తున్నారు, కాఫీలు తాగుతున్నారు. 2000లో యునెస్కో ఆ ఊరి రోమన్ అవశేషాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాత రాళ్ల మధ్య రోజువారీ బతుకు నడవడం మనకు వింతేమీ కాదు, మన పల్లెల్లో శాసన స్తంభానికి వీపు ఆనించుకుని పెద్దమనుషులు కబుర్లు చెప్పుకుంటారు. అక్కడ ఆ రాయి కథ వచ్చినవాడికి చెప్తారు. ఇక్కడ ఆనుకున్నవాడికే తెలియదు.

మోటుపల్లి సంగతే చూడండి. వేటపాలేనికీ చినగంజాంకీ దగ్గర, సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఇప్పుడక్కడ రేవు లేదు. వీరభద్రస్వామి ఆలయంలో మాత్రం ఒక స్తంభం ఉంది. కాకతి గణపతిదేవుడు 1244-45లో వేయించిన శాసనం దాని మీద ఉంది. చరిత్ర పుస్తకాల్లో అభయ శాసనం అని చదువుకున్నాం, పరీక్షకు రెండు మార్కుల ప్రశ్న. అందులో ఉన్న విషయం మాత్రం రెండు మార్కులది కాదు. తుపానులో చిక్కి ఓడ బద్దలై ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ ఏ ఒడ్డుకు చేరితే ఆ ఒడ్డు రాజువే అన్నది అంతకుముందు నడిచిన పద్ధతి. గణపతిదేవుడు అది మానేశాడు. ప్రాణాల కన్నా సంపాదనే గొప్పదనుకుని ఇంత సముద్రం దాటి వచ్చినవాడి సరుకు వాడికే వదిలేస్తామనీ, మేం తీసుకునేది నియమించిన సుంకం ఒక్కటేననీ రాయి మీద చెక్కించాడు. ఆ సుంకం ముప్పయ్యో వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు, పోకలు... దేనికి ఎంతో కూడా ఆ రాయే చెప్తుంది. రేవులో దిగినవాడు అధికారి మొహం చూసి బేరమాడక్కర్లేదు, స్తంభం దగ్గరికి వెళ్లి చూసుకోవచ్చు.

దయాదాక్షిణ్యాలతో పాటు ఇందులో మంచి వ్యాపారపు లెక్క కూడా ఉంది. భయపడ్డవాడు రెండోసారి రాడు. గణపతిదేవుడి తర్వాత రుద్రమదేవి కాలానికి ఈ రేవు పేరు వెనిస్ దాకా వెళ్లింది. మార్కో పోలో రాసిన ముత్ఫిలి ఇదే. భర్త పోయాక రాజ్యాన్ని న్యాయంగా ఏలుతున్న రాణి గురించీ, వజ్రాల గురించీ, సాలెగూడులా పల్చగా ఉండే ఇక్కడి నూలుబట్టల గురించీ ఆయన పుస్తకంలో ఉంది. రుద్రమ్మ గణపతిదేవుడి కూతురన్న సంగతి ఆయనకు అందలేదు, భార్య అనుకున్నాడు. విన్నది విన్నట్టు రాసే ప్రయాణికులకు అది మామూలే. కాకతీయులు పోయాక కొండవీటి అనపోతారెడ్డి 1358లో ఇదే ఊళ్లో ఇంకో శాసనం వేయించాడు. వర్తకులు వచ్చి ఉంటే గౌరవిస్తాం, వెళ్లాలనుకుంటే ఆపం అన్నది దాని సారం. రాజ్యం మారినా రేవు మాట మారలేదు.

ఈ నేల బట్టల కథ అక్కడితో ఆగలేదు. మోటుపల్లికి ఈశాన్యంగా, కృష్ణ సముద్రంలో కలిసే వైపున నిజాంపట్నం ఉంది. పడమటి దేశాల వాళ్ల కాగితాల్లో అది పెటపోలి. డచ్చివాళ్లు 1606లో అక్కడ వర్తకశాల పెట్టుకున్నారు. ఇంగ్లీషు కంపెనీ ఓడ 'గ్లోబ్' 1611లో అక్కడ మనుషులను దించి, ఆ తర్వాతే మచిలీపట్నం వెళ్లింది. వాళ్లకు కావలసింది అద్దకపు బట్ట, ఆ అద్దకంలో ఎరుపు. చిరివేరు నుంచి తీసిన ఎరుపు ఈ ప్రాంతంలో పండినంత గాఢంగా మరెక్కడా పండదని అప్పట్లో పేరు. ఈ రోజు గుంటూరు ఎరుపు అంటే మిరపే గుర్తొస్తుంది కానీ, అంతకుముందే ఈ నేల పేరు మోసింది ఇంకో ఎరుపుతో. చీరాలలో పుట్టి అరబ్బు దేశాలకూ ఆఫ్రికాకూ వెళ్లిన తేలియా రుమాలు కూడా ఆ వరసలోదే.

మిరపకాయకు స్పెయిన్ తీరంతో చుట్టరికం ఉంది. 1492 ఆగస్టులో కొలంబస్ బయల్దేరింది ఆ దేశపు నైరుతి మూలన ఉన్న పాలోస్ అనే చిన్న రేవు నుంచి. మరుసటి ఏడాది మార్చిలో తిరిగొచ్చిందీ అక్కడికే. ఆయన వెతుక్కుంటూ వెళ్లింది మిరియాల కోసం, చూసి వచ్చింది మిరపను. తర్వాత పోర్చుగీసు ఓడల్లో అది మన దేశానికి వచ్చింది. పాలోస్ రేవు కూడా మోటుపల్లిలాగే పనికిరాకుండా పోయింది, నది ఒండ్రుతో పూడిపోయింది. అయినా అది చూడ్డానికి జనం వెళ్తూనే ఉన్నారు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (బస్తాలు) లెక్కపెట్టుకునే రైతుకు ఈ పేరుతో పని లేకపోవచ్చు. స్పెయిన్ వెళ్లే ఆయన కొడుక్కి మాత్రం చెప్పి పంపొచ్చు.

ఇక మన ఊళ్లలో పాత కట్టడాల రాళ్లు ఎక్కడికి పోయాయన్న ప్రశ్న. గుంటూరు సీమలో ఏ పాత కట్టడం దగ్గర నిలబడ్డా జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పేరు వినకుండా వెనక్కి రాలేం. మంగళగిరిలో పదకొండు అంతస్తుల గాలిగోపురం ఎత్తించింది ఆయనే. చేబ్రోలు చెరువు నడుమ చతుర్ముఖ బ్రహ్మకు గుడి కట్టించిందీ ఆయనే. బ్రహ్మకు గుళ్లు అరుదన్న సంగతి తెలిసిందే, ఆ ఒక్క కోరికకే ఆయన్ను మెచ్చుకోవచ్చు. చింతపల్లి నుంచి కాపురం మార్చి అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తూ, ఊరివాళ్లు దీపాలదిన్నె అని పిలుచుకునే మట్టిదిబ్బను ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వించింది కూడా ఆయనే. అది బౌద్ధుల మహాచైత్యం అని అప్పటికి ఎవరికీ తెలియదు. 1797లో కల్నల్ మెకంజీ మొదటిసారి వచ్చి చూశాడు. 1816లో తిరిగి వచ్చి బొమ్మలు గీయించేసరికి దిబ్బ నడుమ భాగం చెరువుగా మారింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి తీసిన ఫలకాలు మద్రాసు చేరాయి, వాటిలో చాలా 1859లో లండన్‌కు ఓడెక్కాయి. ఒకే మనిషి ఒక చేత్తో గోపురం లేపాడు, ఇంకో చేత్తో స్తూపం విప్పాడు. నాయుడిగారి మీద కోపం తెచ్చుకోవడం ఇప్పుడు సులువు. ఆయన చేసింది తన కాలంలో అందరూ చేసిన పనే. భట్టిప్రోలులో స్తూపపు ఇటుకలూ రాళ్లూ దొరల హయాంలో రోడ్ల పనులకు పోయాయి, అక్కడ ఏ నాయుడూ లేడు. అంతా పోయాక 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే, అడుగున ధాతువుల పేటికలు బయటపడ్డాయి. వాటి మీది అక్షరాలు తెలుగు లిపి పూర్వచరిత్ర చెప్పేవాళ్లందరికీ ఆధారం అయ్యాయి.

అంచేత ఈ ఊళ్లకు వచ్చేవాడు పెద్ద కట్టడాలు ఆశించి వస్తే నిరాశపడతాడు. ఉండవల్లిలో నాలుగంతస్తుల గుహ, అందులో పవళించిన అనంతపద్మనాభుడు, కొండవీటి మీద కోట గోడలు, గాలిగోపురం లాంటివి కొన్ని కంటికి నిండుగా ఉంటాయి. తక్కినవన్నీ జాడలు. ఎవరో ఒకరు పక్కన నిలబడి చెప్పకపోతే జాడ కంటికి ఆనదు. చేబ్రోలు భీమేశ్వరాలయం బాగుచేస్తుండగా దొరికిన స్తంభం మీద శాతవాహన విజయుడి సంస్కృత శాసనం ఉందని 2019లో తేలింది. అది క్రీ.శ. 207 నాటిది, సప్తమాతృకల గుడి ప్రస్తావన అందులో ఉంది. దక్షిణాదిలో అంత పాత సంస్కృత శాసనం అప్పటికి దొరకలేదు. గుంటూరు నుంచి గంటలోపు ప్రయాణం. చూడ్డానికి అది ఒక విరిగిన రాయి, అంతే.

చెప్పేవాళ్లు లేరా అంటే ఉన్నారు. వేటపాలెంలో దిగి సారస్వత నికేతనానికి వెళ్లినవాళ్లకు అది తెలుసు. 1918లో మొదలైన గ్రంథాలయం, వందేళ్లు దాటింది. పాత ఆంధ్రపత్రికలు, భారతి సంచికలు, ఇంకెక్కడా దొరకని వారపత్రికలు అట్టలు కట్టి దాచి ఉంచారు. పరిశోధన చేసే పిల్లలు హైదరాబాదు నుంచి, ఇంకా దూరం నుంచి వచ్చి అక్కడ కూర్చుని నోట్సు రాసుకుని పోతారు. జీడిపప్పు వేయించే వాసనల ఊళ్లో ఇంత పెద్ద పుస్తకాల ఇల్లు నిలబెట్టింది ఊరి వర్తకులూ చదువుకున్నవాళ్లూ. పక్కన చీరాల వాళ్లది ఇంకో కథ. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టం అని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఊరు ఊరంతా ఇళ్లు వదిలి, ఎల్లకు అవతల రామనగర్ అనే పాకల ఊళ్లో పదకొండు నెలలు కాపురం చేసింది. ఆ పాకల్లో ఒక్కటీ లేదిప్పుడు. వాటిని చూడ్డం కుదరదు, విని తెలుసుకోవాలి, అది కూడా చీరాలలో నిలబడి వింటేనే దాని బరువు తెలుస్తుంది.

ఏ ఊళ్లోనైనా రక్షిత కట్టడం దగ్గరికి వెళ్లండి. ముందుగా ఎదురయ్యే బోర్డు శిక్ష గురించి ఉంటుంది, గీతలు గీస్తే ఇంత జరిమానా, పాడుచేస్తే ఇన్నేళ్ల జైలు అని. అది ఉండాలి, కాదనం. ఆ పక్కనే ఇది ఎవరు కట్టారు, ఎప్పుడు, ఎందుకు అని నాలుగు వాక్యాలు తెలుగులో చాలా చోట్ల దొరకవు. సముద్రం దాటి వచ్చిన పరాయివాడికి భయం లేదని చెప్పి, రేట్ల పట్టీ రాసిపెట్టిన సీమ ఇది. ఆ లెక్కన ఇవాళ వచ్చే సొంత మనిషికి ఇవ్వాల్సినవి పెద్దవేమీ కావు. గుడి తాళం ఎవరి దగ్గరుందో చెప్పే కాగితం, బస్సు వేళలు, ఆడవాళ్లు వెళ్లగలిగే మరుగుదొడ్డి, నీళ్లు, శాసనానికి తెలుగు తాత్పర్యం. మంత్రులు ప్రకటించే టూరిజం సర్క్యూట్లకు కోట్లు కావాలి, వీటికి అక్కర్లేదు. స్టార్ హోటలు వస్తే రానివ్వండి, అది వచ్చేదాకా తాళం చెవి ఆగక్కర్లేదు.

తాత్పర్యం రాసేవాళ్ల కోసం వెతుక్కోవలసిన పనీ లేదు. మోటుపల్లి శాసనం ఎపిగ్రాఫియా ఇండికాలో అచ్చయి వందేళ్లు దాటింది. దాన్ని పిల్లలకు అర్థమయ్యే తెలుగులో పెట్టగలిగిన మాస్టార్లు ప్రతి హైస్కూల్లోనూ ఉన్నారు. వేటపాలెం, చినగంజాం బళ్లలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ పని ప్రాజెక్టుగా ఇస్తే, వచ్చే ఏడాది సందర్శకుడి పక్కన నిలబడి రాయి చదివి వినిపించేదీ వాళ్లే. మిరప కళ్లాలు నిండే ఫిబ్రవరి, మార్చి నెలలు ఈ ఊళ్లు చూడ్డానికి మంచి అదను. ఎండ ముదరదు, దారి పొడవునా చేలల్లో మిర్చి ఎర్రగా ఆరబోసి ఉంటుంది, పత్తి ఆఖరి తీతలు నడుస్తుంటాయి. ఆ తాత్పర్యపు బోర్డు చెక్కించడానికి అయ్యే ఖర్చు, ధర బాగున్న రోజున పది టిక్కీల మిర్చి అమ్మితే వచ్చేస్తుంది.