మిన్నల్లుల బాధ: ఇంటి వైద్యములు

వేసవిలో పుట్టినింటికి పోయి, నెల దినముల పిమ్మట తిరిగి వచ్చి, తాళము తీసి లోపల నడుగిడగానే చీలమండలపై సూదులు గ్రుచ్చినట్లగుట మీలో కొందఱకు ననుభవమే యై యుండును. ఇంట మనుష్యులు లేరు. పిల్లిని పొరుగువారి కప్పగించి పోయితిరి. మఱి యీ పురుగు లెచ్చటినుండి వచ్చినవి? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో మందు సగము తెలిసినట్లే. కావున నీ నెల యీ సంగతినే ముచ్చటింప దలచితిమి.

కుక్కల యొంటను, పిల్లుల యొంటను బొచ్చు నడుమ పరుగెత్తుచు, పట్టబోయిన దుమికి పాఱిపోవు నువ్వుగింజంత గోధుమవన్నె పురుగును మీరెఱుగుదురు. దీనికి ఒక్కొక్క సీమలో నొక్కొక్క పేరు. మేమిచ్చట మిన్నల్లి యందుము. పిడుదు వేఱు. అది చర్మమును కఱచిపట్టి యుబ్బును గాని దుముకదు.

ఆడుమిన్నల్లి రక్తము త్రాగిన పిమ్మట దినమునకు 40 వఱకు గ్రుడ్లు పెట్టగలదు. అవి బొచ్చున కంటుకొనక జాఱి, పిల్లి పండుకొను చోటనెల్ల రాలును. కొలది దినములలో గ్రుడ్డునుండి సన్నని తెల్లపురుగు వెలువడి, వెలుతురునకు వెఱచి, చాపక్రిందను, నేలపగుళ్ళలోను దాగి, పెద్ద పురుగులు విసర్జించిన యెండునెత్తురును దిని పెరుగును. పిమ్మట గూడు కట్టుకొని యందు నిద్రించును. వెచ్చదనముగాని, అడుగుల యదురుగాని, ఊపిరిగాని సోకు వఱకు ఆ గూటిలో నెలల తరబడి వేచియుండగలదు. తాళము వేసిన యింట మనకై కాచుకొని యున్నవి ఇవియే. పిల్లిపై గనబడునవి స్వల్పభాగము. తక్కినవన్నియు మన పడకలక్రింద నున్నవి. ఇది తెలియక పిల్లి యొంటికే మందులు పూసి పూసి విసుగుదుము.

మేమును అట్లే చేసి చెడితిమి. చెప్పుటకు సిగ్గుపడుచున్నను, మీకు మేలగునని చెప్పుచున్నాము. మా పిల్లి గోకుకొనుచుండుట చూడలేక, ఎవరో చెప్పగా, కొబ్బరినూనెలో కర్పూరము కలిపి దాని మెడకును వీపునకును రాచితిమి. పిల్లి యొడలినంతయు నాకి శుభ్రపఱచుకొను జంతువని యప్పుడు తోచలేదు. రెండు గడియలు గడువకమునుపే నోట చొంగ కార్చి, వణకి, నిలువలేక కూలబడినది. పశువైద్యునియొద్దకు బుట్టలో పెట్టుకొని పరుగెత్తితిమి. రెండు దినముల కది కోలుకొన్నది. కాని మా చిన్నది, "మందని నీవే చెప్పితివి గదమ్మా! మందువలన జబ్బేల చేసినది?" యని యడిగినప్పుడు మాకు మాట రాలేదు.

కావున మొదట చేయరాని పనులు చెప్పెదము. కర్పూరము, కిరసనాయిలు, పొగాకు కషాయము జంతువు నొంటికి తాకింపరాదు. ఇవి చర్మమునుండియు, నాకుటవలనను లోనికి పోయి విషమగును. కలరా ఉండలను దాని పడకలో పెట్టరాదు. పురుగులు పోవునని వెల్లుల్లి తినిపింపరాదు. అది కుక్కలకును పిల్లులకును రక్తమును చెఱచును. వేపనూనెను పిల్లికి పూయరాదు. కుక్కలకై యమ్ము మందులలో పెర్మెత్రిన్ అనునది యున్నచో అది పిల్లికి ప్రాణాంతకము.

ఇక చేయదగినవి. పేలదువ్వెనతో దినము దినము మెడక్రిందను, తోకమొదటను దువ్వవలెను. నల్లని నలుసులు రాలినచో తడిపిన తెల్లగుడ్డపై వేయుడు. ఎఱుపు దిగినచో అది మిన్నల్లుల మలము, అనగా నెండిన నెత్తురే. దువ్వెనలో చిక్కిన పురుగులను సబ్బునీటి గిన్నెలో ముంచవలెను. ఉత్తనీటిపై తేలి తప్పించుకొనునవి సబ్బునీట మునిగి చచ్చును. కుక్కకు స్నానము చేయించునపుడు మొదట మెడచుట్టు సబ్బునురుగు పట్టించుడు. లేనియెడల పురుగులన్నియు ముఖమునకు ప్రాకును. పిల్లికి దువ్వెనయే చాలును.

అసలు పని యింటిలో నున్నది. జంతువు పండుకొను గోనెను, బొంతను వారమున కొకపరి మరుగునీట నుతికి, మిట్టమధ్యాహ్నపు టెండలో ఆరవేయవలెను. పిల్లపురుగులు తేమ లేక బ్రతుకజాలవు. చాపలు, తివాచీలు ఎత్తి దులిపి, మంచముక్రిందను, మూలలను దినము నూడ్చి, ఆ దుమ్మును ఇంట నుంచక బయట పాఱవేయుడు. నేలపగుళ్ళు పూడ్పించుడు. రాత్రివేళ నేలపై వెడల్పు పళ్ళెములో సబ్బునీరు పోసి, పైన చిన్నదీపము వెలుగునట్లు చేసినచో కొన్ని పురుగులు దానికై దుమికి పడును. తెల్లవాఱి వానిని లెక్కించినచో బాధ తగ్గుచున్నదో పెరుగుచున్నదో తెలియును.

రెండవ వారమున మరల క్రొత్త పురుగులు కనబడినచో నిరాశపడకుడు. అవి గూళ్ళనుండి వెలువడుచున్నవి. రెండుమూడు నెలలు విడువక చేసినగాని యీ సంతతి తెగదు. అప్పటికిని తగ్గకున్నను, చిన్నపిల్లలైన జంతువుల చిగుళ్ళు పాలిపోయినను పశువైద్యునే యడుగవలెను. కూనలు నెత్తురు తగ్గి చనిపోవుట కలదు.

ఇది గోకుడుతో పోవు బాధ యని తలపకుడు. చేతికంటిన మిన్నల్లిని పసివాండ్రు పొరపాటున మ్రింగినచో కడుపులో బద్దెపురుగు చేరవచ్చును. ఎలుకలపై నుండు మిన్నల్లియే ప్లేగును తెచ్చునని 1898లో సైమండ్ అను ఫ్రెంచివైద్యుడు కరాచీలో కనుగొనెను. 1911లో హైదరాబాదు నగర మా వ్యాధిచే తల్లడిల్లినది. నేడది మన యిండ్లలో లేకున్నను, ఇంట నెలుకలు వరుసగా చచ్చిపడినచో వట్టిచేత ముట్టక, ఆరోగ్యశాఖవారికి తెలుపుట మంచిది.

మా పిల్లి యిప్పుడు కిటికీలో నెండ కాచుకొనుచున్నది. దాని పడకగుడ్డ దండెముపై ఆఱుచున్నది. దువ్వెన పట్టుకొని దానియొద్ద కూర్చుండుట మా చిన్నదాని వంతు. కర్పూరపు డబ్బా మాత్రము దేవునిగూటిలో, దానికి తగిన చోటనే యున్నది.