దాతృరక్షణమే దానపూర్తి

దధీచి మహర్షి అస్థిదానముతో దేహమును త్యజించినాడు. కుమారునకు మూత్రపిండమిచ్చిన తల్లి అట్లు కాదు; ఆమె జీవించవలసియున్నది. త్యాగమూర్తియని కీర్తించి, ఆమె ఆరోగ్యమును విస్మరించుట ధర్మము కాదు.

జీవితకాలమున మూత్రపిండ వైఫల్యము 10,000 మంది దాతలలో సుమారు 90 మందికి, సమానారోగ్యము గల అదాతలలో 14 మందికి కలుగవచ్చునని 2014లో ప్రకటితమైన అమెరికా అధ్యయనము అంచనా వేసినది. అపాయము స్వల్పమే, శూన్యము కాదు.

నెల్లూరు సీమలో మైపాడు తీరమున వేటకేగువారు, ఇస్కపల్లి ఉప్పుమడులలో శ్రమించువారు ఎండకు స్వేదమోడ్చువారు. అట్టి గృహములలోని దాతకు చాలినంత నీరు, విశ్రాంతి, ఏటేటా రక్తపోటు, రక్త, మూత్రపరీక్షలు అత్యావశ్యకములు.

సాత్త్విక దాత ప్రతిఫలమును కోరదు. కనుకనే, అడుగకమునుపే ఆమెను కాచుకొనుట గ్రహీతకును, కుటుంబమునకును విధి.