అమ్మ ఆపరేషన్‌కి ముందు ఇంకో ప్రశ్న

ఇండియా నుంచి ఫోన్ వస్తుంది, అమ్మకి థైరాయిడ్ ఆపరేషన్ అని. చాండ్లర్‌లో ఉన్న మనం అడిగేవి రెండే: ఎంతవుతుంది, ఎప్పుడు డిశ్చార్జి. ఇంకోటి కూడా అడగమని నా గోల: "తల సర్దాక కఫ్ ప్రెషర్ మీటరుతో చూస్తారా?"

మత్తు ఇచ్చాక ఊపిరి కోసం శ్వాసనాళంలోకి ట్యూబు వేస్తారు కదా, దాని చివర చుట్టూ చిన్న బెలూన్ ఉంటుంది. అదే కఫ్. అందులో గాలి తక్కువైతే నోట్లో ఊరింది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఎక్కువైతే నాళం గోడలో రక్తం ఆడదు. 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య ఉండాలి. 30 దాటకూడదని 1984లోనే ఎండోస్కోప్‌తో లోపల చూసి మరీ చెప్పారు.

అసలు చిక్కు ట్యూబు వేశాక మొదలవుతుంది. థైరాయిడ్‌కి భుజాల కింద దిండు పెట్టి తల వెనక్కి వాలుస్తారు. చెవి ఆపరేషన్‌కి పక్కకి తిప్పుతారు. తలతో పాటు ట్యూబూ కదులుతుంది. గడ్డం వంచితే లోపలికి, వెనక్కి వాలిస్తే పైకి. కఫ్ వేరేచోట ఆనుకుంటుంది. మొదట్లో 25 ఉన్నది 30 దాటిపోవచ్చు. నైట్రస్ ఆక్సైడ్ వాడితే అది కూడా కఫ్‌లోకి చేరి ప్రెషర్ పెంచుతుంది.

చాలాచోట్ల బయట వేలాడే పైలట్ బెలూన్‌ని వేళ్లతో నొక్కి సరే అనుకుంటారు. మా ఊరి సైకిల్ షాపాయన బొటనవేలితో టైరు నొక్కినట్టు. ఆయనకి అది చాలు. ఇక్కడ 43 డిగ్రీల ఎండలో కారు టైర్లకే మనం గేజ్ పెట్టి చూసుకుంటాం, అమ్మ గొంతుకి వేళ్లు చాలా? ఎంతో అనుభవమున్న వేళ్లు కూడా తప్పు చెప్తాయి.

"డాక్టర్లకే పాఠాలా?" అన్నాడు మా బావ. పాఠం కాదు బావా, అర నిమిషం పని అడుగుతున్నా. ట్యూబు వల్ల వచ్చే గొంతునొప్పి ఎక్కువమందికి కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది, నిజమే. కానీ థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు బొంగురుపోతే స్వరనాడి దెబ్బతిందేమోనని ఇల్లంతా వణుకుతుంది. ఆ భయానికి ఒక కారణమైనా తగ్గించొచ్చు కదా.

సర్జన్‌ని కాదు, ముందే చూడ్డానికి వచ్చే మత్తు డాక్టర్‌ని అడగండి. మర్యాదగా, స్పీకర్‌లో. అక్కడ పగలు పదకొండంటే మనకి ముందురోజు రాత్రి పదిన్నర. ఎలాగూ మేలుకునే ఉంటాం.