మంచూరియాకీ మంచూరియాకీ చుట్టరికం లేదు

"హైదరాబాద్‌లో మంచి చైనీస్ ఎక్కడ దొరుకుతుంది గురూ?" అని అడిగే మిత్రులు నాకు చాలామందే వున్నారు. జవాబు చెప్పేముందు నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఏ చైనీస్? ఎందుకంటే మన వూళ్ళో ఆ పేరుతో మూడు రకాల వంటలు అమ్ముతున్నారు. సందు చివర బండి మీద వేయించేది ఒకటి. పెద్ద హోటళ్ళలో మసక దీపాల కింద, ఎర్ర లాంతర్ల మధ్య వడ్డించేది రెండోది. చైనా కుటుంబాలు తరాలుగా నడుపుతూ వచ్చిన పాత రెస్టారెంట్లది మూడోది. మొదటి రెండూ అడుగడుగునా వున్నాయి. మూడోదాన్నే వెతుక్కోవాలి.

ముందుగా మంచూరియా సంగతి తేల్చేద్దాం. చైనాకి ఈశాన్యాన ఆ పేరుతో ఒక ప్రాంతం వున్నమాట నిజమే. కానీ మన ప్లేట్లో మంచూరియాకీ దానికీ బీరకాయపీచు సంబంధం కూడా లేదు. కలకత్తాలో పుట్టిన చైనా వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో దీన్ని కనిపెట్టానని చెప్పుకున్నాడు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి, గరం మసాలాకి బదులు సోయా సాస్ పోశాడట. కార్న్‌ఫ్లోర్‌లో ముంచి వేయించిన కోడి ముక్కల్ని అందులో పడేశాడట. సింగిల్ టేక్‌లో ఓకే! తర్వాత కోడి పోయి కాలీఫ్లవర్ వచ్చింది. హీరో మారినా సినిమా ఆడింది.

మనం 'హక్కా నూడుల్స్' అంటూ ఆర్డరిస్తాం గానీ, హక్కా అనేది వంట పేరు కాదండీ, మనుషుల పేరు. దక్షిణ చైనా నుంచి కలకత్తా వచ్చి టాంగ్రాలో తోళ్ళ పని చేసుకున్నవాళ్ళు హక్కాలు. 1996లో తోళ్ళ కార్ఖానాలు నగరం వదిలిపోవాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక, టాంగ్రాకి హోటళ్ళే ప్రధానమైన బతుకుతెరువయ్యాయి. అంతకుముందే వాళ్ళకి ఇంకో దెబ్బ తగిలింది. 1962 యుద్ధం రాగానే మన దేశంలో పుట్టి పెరిగిన చైనా కుటుంబాల్ని వేలమందిని రాజస్థాన్‌లోని దేవళీ శిబిరంలో పెట్టారు. కొందరు అక్కడ ఏళ్ళ తరబడి వున్నారు. బయటికొచ్చినవాళ్ళలో చాలామంది కెనడా వగైరా దేశాలకి వెళ్ళిపోయారు.

సినిమా పత్రిక కాబట్టి ఒక్కమాట. 1958 నాటి హిందీ 'హౌరా బ్రిడ్జ్'లో మదన్ పురి చైనావాడి వేషం కట్టాడు. ఏ వేషం అనుకున్నారు? విలనే! నూడుల్స్ వండిపెట్టే చైనావాడూ, పన్ను పీకే చైనా డాక్టరూ మన ఊళ్ళలో వున్నారు గానీ తెరకెక్కలేదు.

ఇక మన జంటనగరాలు. పాత సికింద్రాబాద్ వాళ్ళకి పార్క్ లేన్‌లోని నాన్‌కింగ్ పేరు చెబితే చాలు, పెళ్ళికి ముందు కథలన్నీ బయటికొస్తాయి. ఆ తరం రెస్టారెంటు మరొకదానికి నేను అప్పుడప్పుడూ వెళుతుంటాను. పేరు రాయొద్దన్నాడు యజమాని. డెబ్బై దాటిన మనిషి. ముఖం చైనాది, నాలుక హైదరాబాద్‌ది. "క్యా హోనా భాయ్?" అని పలకరిస్తాడు.

ఓ మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు, "మీ ఇంట్లో మీరేం తింటారు?" అని అడిగాను. "మీవాళ్ళకి నచ్చదు, కారం వుండదు" అన్నాడు. పట్టు వదల్లేదు నేను. అరగంట తర్వాత ఓ పళ్ళెం వచ్చింది. ఆవిరి మీద వుడికిన చేప. పైన సన్నగా తరిగిన అల్లం, ఉల్లికాడలు, సలసల కాగిన నూనె ఒక గరిటె, చివర నాలుగు చుక్కల సోయా. అంతే. కార్న్‌ఫ్లోర్ లేదు, ఎర్ర రంగు లేదు. చేప చేపలాగే వుంది! మెనూ కార్డులో ఈ వంటకం వుండదు. ఇద్దరు పిల్లలూ టొరంటోలో వున్నారట. "నా తర్వాత షట్టర్ దించేస్తారు" అన్నాడు, బిల్లు రాస్తూ. చేపకి మాత్రం డబ్బు వేయలేదు.

కొత్త చోటికి వెళితే నేను చేసే పరీక్ష ఒకటే. మెనూలో డ్రాగనూ, ఫీనిక్సూ వున్న పేర్లు వదిలేసి సాదా ఎగ్ ఫ్రైడ్ రైస్ చెబుతాను. దీన్లో దాచుకోడానికేమీ వుండదు. అన్నం ముందే వండి చల్లార్చినదై వుండాలి. వేడన్నం వేస్తే ముద్దవుతుంది. ఇనప మూకుడు ఎర్రగా కాలి, మెతుకుకి మెతుకు విడిపోయి, లేతగా పొగ వాసన రావాలి. అన్నం నల్లగా వచ్చిందా, వంటవాడు సోయాతో తప్పు కప్పిపుచ్చాడన్నమాట. ఈమధ్య ఒక పెద్ద హోటల్లో నాకొచ్చింది అలాంటిదే. బిల్లు మాత్రం బ్రహ్మాండం.

అలాగని బండిని తీసిపారేయను. మన తెలుగువాళ్ళకి 'ఫాస్ట్ ఫుడ్' అంటే ఆ బండే కదా! స్టౌ హోరు, మూకుడు మీద గరిటె దరువు, ఆ మంట... పొగ వాసన పెద్ద హోటల్లో కంటే అక్కడే బాగా పట్టుబడుతుంది. అక్కడ నా ఓటు డ్రై చిల్లీ చికెన్‌కి. రంగు మాత్రం వద్దనండి. 2024 మార్చిలో కర్నాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు నిషేధించింది. అజినమోటోని చూసి మాత్రం హడలిపోనక్కర్లేదు. 1908లో జపాన్ ప్రొఫెసర్ ఇకేడా సముద్రపు నాచులో పట్టుకున్న రుచి అది. టమాటాలోనూ వుంది.

పాతకాలపు చోటికి వెళ్ళదలిస్తే మామూలు రోజు మధ్యాహ్నం, నలుగురు కలిసి వెళ్ళండి. చేప ఒకటి, వాంటన్ సూప్ ఒకటి, ఫ్రైడ్ రైస్ ఒకటి చెప్పి పంచుకోండి. చేప కావాలంటే ముందురోజే ఫోన్ చేయాలి, లేకపోతే ముసలాయన మార్కెట్‌కి వెళ్ళడు.