లెక్కల కబుర్లు: కూలిన మిద్దె దుమ్ము ఎన్ని మూటలు?

హోసూరులో మన సంఘం పాత మిద్దెను పడగొట్టి ఆ చోటే కొత్త హాలు కట్టాలని మొన్నటి సమావేశంలో తీర్మానమైన సంగతి మీకు తెలుసు. పెరట్లోని రేకుల షెడ్డులో ఆదివారం తెలుగు బడి నడుస్తోంది. "పడగొట్టే వారం ఒక్కటి సెలవిస్తే చాలదా అయ్యవారూ?" అని కార్యదర్శిగారు నన్ను అడిగారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, లెక్క వేయకుండా జవాబు ఎలా చెప్పేది? అందుకే ఈ సంచికలో దుమ్ము లెక్క.

దుమ్మును తూచడం ఎలా? నేలమీద పడినదాన్ని కొలవడం ఒక దారి. ఎంత పుట్టగలదో శక్తినిబట్టి అంచనా వేయడం రెండో దారి. రెండూ దగ్గర దగ్గరగా వస్తే లెక్కమీద కాస్త నమ్మకం కుదురుతుంది.

మొదటి దారికి వంటింటి పళ్ళెం చాలు. 30 సెంటీమీటర్ల స్టీలు పళ్ళెం వైశాల్యం చదరపు మీటరులో సుమారు 0.07 వంతు. కూల్చే చోటికి వేర్వేరు దూరాల్లో, మిద్దెలమీద, ఇలాంటి పళ్ళేలు పెట్టాం అనుకుందాం. 100 మీటర్లలోపు పళ్ళెంలో 70 గ్రాములు, 100 నుంచి 200 మీటర్ల మధ్య 21 గ్రాములు, 200 నుంచి 300 మధ్య మూడున్నర గ్రాములు పడిందనుకోండి. 0.07తో భాగిస్తే చదరపు మీటరుకు వరుసగా 1,000, 300, 50 గ్రాములు. లోపలి వలయం వైశాల్యం 31,400 చదరపు మీటర్లు, నడిమిది 94,200, వెలుపలిది 1,57,000. గుణించి కూడితే 31 టన్నులు, 28 టన్నులు, 8 టన్నులు, మొత్తం సుమారు 67 టన్నులు. సిమెంటు మూట 50 కిలోలు గనుక 1,340 మూటలు!

ఇందులో ఒక తమాషా గమనించారా? నడిమి వలయంలో దుమ్ము పొర పలచన. అయినా మొత్తం దాదాపు లోపలి వలయమంత వచ్చింది. కుప్ప పక్కన మాత్రమే కొలిచి ఊరుకుంటే సగం పైగా దుమ్ము లెక్కకే రాదు. ఇంకో జాగ్రత్త. ఆ రోజే ఊరికి ఇంకో కొసన కూడా ఒక పళ్ళెం పెట్టాలి. మామూలు రోడ్డు దుమ్ము ఎంతో దానివల్ల తెలుస్తుంది. దాన్ని తీసివేయాలి. గాలి ఒక వైపుకే వీస్తుంది కాబట్టి నాలుగు దిక్కులా పళ్ళేలు ఉండాలి.

ఇక రెండో దారి. 2022 ఆగస్టు 28న నోయిడాలో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జంట టవర్లను కూల్చడం మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. ఎత్తు సుమారు 100 మీటర్లు. పేలుడు పదార్థం సుమారు 3,700 కిలోలు. శిథిలాలు 80,000 టన్నుల దాకా ఉంటాయని అప్పుడు అంచనా చెప్పారు. అన్ని టన్నులు సగటున 50 మీటర్లు కింద పడితే వెలువడే శక్తి ఎంత? కిలోకు 490 జౌళ్ళు. మొత్తాన్ని మన కరెంటు బిల్లు భాషలో చెబితే సుమారు 11,000 యూనిట్లు. పేలుడు పదార్థం మరో మూడు నాలుగు వేల యూనిట్లు అనుకుందాం. అంతా కలిసి 15,000.

సిమెంటు ఫ్యాక్టరీలో ఒక టన్ను క్లింకరును మెత్తగా నూరడానికి ముప్పై, నలభై యూనిట్ల కరెంటు పడుతుంది. 35 అనుకుందాం. టవర్ల శక్తి అంతా పిండిమరలోకే పోయినట్లు లెక్కిస్తే 15,000ను 35తో భాగించాలి, సుమారు 430 టన్నులు. అయితే ఆ శక్తిలో చాలా భాగం పెద్ద ముక్కలు విరగడానికి, నేల అదరడానికి, వేడికి, శబ్దానికి పోతుంది. కనుక సిమెంటంత మెత్తటి పొడి వందల టన్నుల్లో ఉండవచ్చునేగాని, 80,000 టన్నుల్లో సగం దుమ్మై లేచిపోయిందనడం కుదరదు. ముతక దుమ్ముకు ఇంత శక్తి అక్కర్లేదు, అది ఇంతకంటే ఎక్కువే ఉండవచ్చు. ఇవన్నీ చేతి లెక్కలు. పది వంతుల తేడాను పట్టుకుంటాయిగాని పది శాతం తేడాను పట్టుకోలేవు.

దుమ్ములో ఏ పాలు హాని చేస్తుందన్నది ఇంకో ప్రశ్న. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో జంట భవనాలు కూలాక శాస్త్రవేత్తలు వీధుల్లో పడిన దుమ్మును పరీక్షించారు. బరువులో ఎక్కువ పాలు ముతక రేణువులే. రెండున్నర మైక్రాన్లకంటే సన్ననివి నూటికి ఒకటి, రెండు పాళ్ళు మాత్రమే. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తుంచుకోండి. నూటికి ఒకటే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. మన దేశపు ప్రమాణం ప్రకారం ఒక రోజు సగటున ఘనపు మీటరు గాలిలో ఈ సన్నని రేణువులు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. అంటే ఒక్క గ్రాము సన్నని దుమ్ము 16,600 ఘనపు మీటర్ల గాలిని ఆ హద్దుకు చేర్చగలదు. పన్నెండడుగుల చదరపు గదులు, పదడుగుల ఎత్తువి, నాలుగు వందలు! ఇసుక, కంకరలోని సిలికా పొడి ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. దాన్ని నయం చేసే మందు లేదు.

ఇప్పుడు మన మిద్దె సంగతి. రెండంతస్తులు కలిపి 3,000 చదరపు అడుగులు, అంటే 279 చదరపు మీటర్లు. మీటరుకు టన్నున్నర చొప్పున సుమారు 420 టన్నులు. సగటు పతనం మూడు మీటర్లు. శక్తి కేవలం మూడున్నర యూనిట్లు. దాన్ని 35తో భాగిస్తే 100 కిలోలు, అంటే రెండు మూటలు. ఇంతేనా అనిపిస్తుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. పాత గోడల్లోని సున్నం, మట్టి ముందే పొడిగా ఉన్నాయి, వాటిని నూరే పనిలేదు. పైగా చిన్న కట్టడంలో కూలడంవల్ల పుట్టే దుమ్ముకంటే సుత్తి దెబ్బలతో, బ్రేకరు యంత్రంతో, చెత్త ఎత్తి లారీలో పోయడంతో, ఊడ్చడంతో లేచేదే ఎక్కువ. టవరు ఒక్కసారిగా దుమ్ము చిమ్ముతుంది. మన మిద్దె మాత్రం చివరి లారీ కదిలేదాకా రోజూ కొంచెం కొంచెం చిమ్ముతూనే ఉంటుంది.

అందుకని కార్యదర్శిగారికి నా జవాబు: ఒక్క వారం సెలవు చాలదు. చివరి లారీ వెళ్ళి, నేలను కడిగేదాకా బడి వేరేచోట నడవాలి. పిల్లలు తమ బరువుకు తగ్గట్టు చూస్తే పెద్దవాళ్ళకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. కొట్టేముందు గోడలు తడపాలి, చెత్త ఎత్తేటప్పుడు నీళ్ళు చల్లాలి, లారీకి టార్పాలిన్ కప్పాలి, పొడిగా ఊడ్వకూడదు.

ఇంకో మాట. పిల్లలను పక్కకు పంపవచ్చు, కూలీలను పంపలేం. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో బతుకుతెరువుకోసం వచ్చిన ఉత్తరాంధ్ర కూలీలు ఎందరో ఉన్నారు. కట్టేదీ పడగొట్టేదీ చాలాచోట్ల అలాంటి మనవాళ్ళే. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సన్నని రేణువు ఆగదు. ఎన్95 మాస్కులకు, నీళ్ళ ట్యాంకరుకు అయ్యే ఖర్చును కాంట్రాక్టులోనే రాయించమని సంఘానికి నా విన్నపం. కొత్త హాలుకు చందా ఇచ్చేవారు ఆ పద్దుకూ పది రూపాయలు కలిపితే సంతోషం.

పిల్లలకు ఈసారి లెక్క: ఇంటి మిద్దెమీద ఒక స్టీలు పళ్ళెం వారం రోజులు పెట్టండి. వాన రాకుండా చూసుకోండి. పడిన దుమ్మును కంసాలి త్రాసులో తూయించి, మీ మిద్దె మొత్తంమీద ఎంత పడిందో కట్టి, పోస్టుకార్డు రాయండి. సరిగా చేసినవారి పేర్లు వచ్చే సంచికలో.