కంప మండించువారికి విధింపవలసిన షరతు

పశ్చిమ ప్రకాశమందలి పెద్దారవీడు పరిసరములలో కంది, పత్తి, మిరప కోతలైన పిమ్మట చేలలో మిగులు కట్టెను, బీళ్లను చెరువుగట్లను ఆక్రమించిన సర్కారు తుమ్మను విద్యుత్తుగా మార్చుట మేలని వాదించువారితో మాకు విరోధము లేదు. ఊకను, తుమ్మకంపను మండించి కరెంటు తీయు కేంద్రములు రాష్ట్రమున ఏండ్ల తరబడి కలవు. కాని అట్టి ఇంధనమునకు తగినదని పేరొందిన ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలరు తక్కువ వేడిమితో పనిచేయును గనుక నైట్రోజన్ ఆక్సైడ్ల బెడద ఉండదను మాటను మేము అంగీకరింపజాలము. అందులో సగమే సత్యము.

అడుగునుండి ఎగదన్ను గాలికి ఇసుక మరుగు నీటివలె పొర్లుచుండగా, ఆ ఇసుక నడుమ బొగ్గు గాని కంపముక్కలు గాని 800 నుండి 900 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో దహింపబడును. గాలిలోని నైట్రోజను ఆక్సిజనుతో విరివిగా కలియుటకు సుమారు 1500 డిగ్రీలు కావలెను గనుక ఆ దారిన పుట్టు కాలుష్యము ఇచ్చట అత్యల్పమనుట నిజమే. అయితే ఇంధనములోనే ఇమిడియున్న నైట్రోజనుకు అంతటి జ్వాల అక్కరలేదు. కందియు సర్కారు తుమ్మయు గాలినుండి నైట్రోజనును వేళ్లయందు స్థిరపరచుకొను కుటుంబమునకు చెందినవి. పొలమునకు మేలుచేయు ఆ గుణమే పొయ్యిలో దోషము కాగలదు. కంపలోని నైట్రోజను చాలమట్టుకు అమ్మోనియాగా వెలువడి, ఆక్సిజను ధారాళముగా దొరకినచోట నైట్రిక్ ఆక్సైడుగా మారును. బొగ్గు మండించినచో ఆ తక్కువ వేడిమియే నైట్రస్ ఆక్సైడుకు అనువగును. నూరేండ్లకు పైగా వాయుమండలమున నిలుచు ఆ వాయువు, తూకమునకు తూకముగా, నూరేండ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువుకంటె 273 రెట్లు భూమిని వేడెక్కించును. వేడిమి పెంచినచో నైట్రస్ తగ్గి నైట్రిక్ హెచ్చును. గంధకమును పట్టుటకు వేయు సున్నపురాయియు తరచు నైట్రిక్‌ను పెంచును.

2015 డిసెంబరు 7నాటి ప్రకటనలో కేంద్ర పర్యావరణ శాఖ, 2017 నుండి నెలకొల్పు థర్మల్ కేంద్రములకు ఘనపు మీటరు పొగకు 100 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్ల హద్దు విధించెను. అంతకు ముందువైన అనేక యూనిట్లకు పెట్టిన 300 హద్దును 2020లో 450కి సడలించుట మాకు సమ్మతము కాదు. నైట్రస్ ఆక్సైడుకు ఆ ప్రకటనలో హద్దే లేదు.

ఎండ మండు ఈ పశ్చిమ ప్రకాశమున నైట్రోజన్ ఆక్సైడ్లు ఇతర ఆవిరులతో కలిసి నేలమీది ఓజోనును పుట్టించును. అది ఆకును మాడ్చును, ఊపిరిని పీడించును. మార్కాపురము పలకల పనిలో ధూళి పీల్చినవారి ఊపిరితిత్తులపై మరియొక భారము మోపుట అన్యాయము.

చికిత్స తెలియనిది కాదు. గాలిని ఒక్కపెట్టున గాక దశలవారీగా పంపవలెను. అవసరమైనచోట వేడి వాయువులలో అమ్మోనియానో యూరియానో చల్లవలెను. ఇంధనపు నైట్రోజనును ముందే పరీక్షింపవలెను. నైట్రస్ సహా పొగలోని ఆక్సైడ్లను ఎడతెగక కొలిచి, అంకెలను తెలుగులో కేంద్రము ద్వారముననే చూపవలెను. ఈ నాలుగింటికి ఒప్పుకొనని బాయిలరుకు, అది కంపదైనను బొగ్గుదైనను, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఈయరాదు. కంప అమ్మజూపు రైతులు బేరము కుదుర్చుకొనుటకు ముందే ఈ షరతులను గ్రామసభ తీర్మానమున వ్రాయింపవలెనని కోరుచున్నాము.